నీలము కాని సరస్సు

శిశిరర్తువు. హిమభారమునఁ గొమ్మలు వంగిన దేవదారువులును పొగగొట్టములనుండి నిట్టనిలువుగాఁ బొగ లెగయు కొయ్యయిండ్లును జనసంచారశూన్యములై దిగంతముల నంటుచున్న ధవళప్రదేశములును దాఁటి దాఁటి యలసటయన నెఱుంగని దీర్ఘకాయముగల యొక రైలు సైబీరియా మహారణ్యమును జీల్చుకొనుచుఁ దూర్పుముఖముగాఁ బోవుచుండెను. సూర్యుఁ డుదయించియు వేఁడిమి లేక మంచుతెరలచాటున వెలవెలఁబోవుచుండెను. మాస్కో విడిచి నాలుగవదినము. దేశము మాత్ర మింకను దాదాపు సగము మిగిలియుండెను.

ఆ రైలులోఁ గిటికీకడ శాలువ కప్పుకొని కూర్చుండిన వృద్ధులు చెఱుకుపల్లి భీమశంకరముగారు. అమలాపురమున ముప్పదియేండ్లు భూగోళశాస్త్రము బోధించి విశ్రాంతిగొన్న యుపాధ్యాయులు. అక్షాంశరేఖాంశము లాయనకుఁ గరతలామలకములు. పటము ముందుంచినచోఁ గన్నులు మూసికొనియే బైకాల్ సరస్సుపై వ్రేలుంచఁగల దిట్ట. సంతానము లేదు. భార్య కనకాంబ క్రిందటియేఁట గతించెను. ఆమె బ్రదికియుండఁగా సందు దొరకినప్పుడెల్ల నాయన నేడిపించెడిది.

"ముప్ఫయ్యేళ్లబట్టీ పిల్లలచేత ఆ సరస్సుకి నీలంరంగు వేయిస్తున్నారు. మీరెప్పుడైనా చూసేరా పెట్టేరా? అది ఎర్రగా ఉందో పచ్చగా ఉందో ఎవరికి తెలుసు!"

మంచముపట్టిన పిదప నొకనాఁడు హాస్యము మాని మెల్లగా "ఒక్కసారి వెళ్లి ఆ నీళ్లు ముట్టుకుని రండి. నేనూ చూసినట్టే" అనెను.

నేఁ డామె ప్రథమాబ్దికము. సరస్తీరమునఁ దిలోదకము విడువవలెనని యాయన దర్భపవిత్రమును, ఆమె పాతచీర కొంగున ముడివేసిన గుప్పెడు నువ్వులును వెంటఁ దెచ్చుకొనిరి. రైలు తీరమున నొక్క చిన్న స్టేషనునందు మాత్రమే యైదునిమిషములు నిలుచును. అది తప్పినచో మరల నీ జన్మమున రాఁదగిన యవకాశము కాదు.

బోగీగోడకుఁ గట్టిన పట్టికలో నా స్టేషనునకెదురుగాఁ దొమ్మిదిగంటలని యుండెను. పామరుఁడైనచోఁ దొమ్మిదింటికి లేచి ద్వారముకడ నిలుచువాఁడే. భీమశంకరముగారు పండితులు. ఈ దేశమున రైళ్లన్నియు రాజధాని గడియారమునే యనుసరించునని చదివి తరగతిలోఁ బలుమాఱులు చెప్పినవారు. మాస్కోకును నిచటికిని నైదుగంటల యంతరము గావున రైలు చేరునది యిచటి గడియారమున మధ్యాహ్నము రెండుగంటలకని లెక్కవేసి, ఆ లెక్కకుఁ దామే మురిసి, కన్నులు మూసి గాయత్రి జపింపసాగిరి. ఆ పద్ధతి కొన్నియేండ్లక్రిందటనే తొలఁగి పట్టికలు స్థానికకాలమునకు మాఱినవని యాయన చదివిన పుస్తకములలో లేదు.

రైలు నిలిచెను. ఆయన కనువిప్పి చూచిరి. పట్టాల కావల నొక తెల్లని బయలు చూపుమేర పఱచుకొనియుండెను. దానిపై నెవ్వఁడో కుక్కను వెంటఁబెట్టుకొని నడిచిపోవుచుండెను. మఱియొక మంచుమైదానమని తలఁచి యాయన మరలఁ గన్నులు మూసికొనిరి. రైలు కదలెను.

కొంతసేపటికి బోగీ పరిచారిక జినాయీద తేనీటిగ్లాసుతో వచ్చి, కిటికీవంకఁ జూపి, వచ్చీరాని యింగ్లీషులో "బైకాల్" అనెను.

"ఏదమ్మా?"

"ఇదే. చలికాలం, గడ్డకట్టింది."

"మరి స్టేషను?"

"వెనక్కి పోయింది."

ఆయన కన్నులు ముప్పదియేండ్లు వెదకినది నీలమును. అన్నియుఁ దెలిసినవాఁ డమావాస్యనాఁడును ఏమియుఁ దెలియనివాఁ డేకాదశినాఁడును జచ్చిరను సామెత నాయన పరులపైఁ బ్రయోగించినదే గాని తమకుఁ దగులునని యెన్నఁడు ననుకొనలేదు. సరస్సు పోలేదు, పట్టాల వెంబడి మూఁడుగంటలు తోడుగా వచ్చెను. చేయిచాఁచిన నందునంత చేరువ. కిటికీ తెఱచుకొనదు, రైలు నిలువదు. ఆ పరాయిదేశమునఁ దమ తప్పు చెప్పుకొని యేడ్చుటకైన నొక్క మనిషి లేక యాయన నువ్వులమూట గుప్పిటఁ బట్టుకొని కన్నీరు విడిచిరి.

జినాయీద బల్లపైనున్న ఛాయాచిత్రమును జూచెను. "భార్యా?"

"అవునమ్మా. నేటికి ఏడాది."

ఆమె పోయి గ్లాసునిండ నీరు తెచ్చి, దానిపై నల్లరొట్టెముక్క నొకటి మూఁతగా నుంచి, చిత్రమునకు ముందు నిలిపి "పోయినవాళ్లకి మేం ఇలా పెడతాం" అని సిలువగుర్తు వేసికొని వెడలిపోయెను.

మడి లేదు. మంత్రము చెప్పువారు లేరు. ఐనను అన్నమును నుదకమును నెదుట నుండెను. భీమశంకరముగారు రొట్టెను మెల్లగాఁ బ్రక్కకుఁ దీసి, పవిత్రము ధరించి, గోత్రనామములు చెప్పి నువ్వు లా నీటిలో మూఁడుమాఱులు విడిచిరి. పిదప నఱచేయి కిటికీయద్దముపై నానించిరి. చలి యెముకలదాఁక సోఁకెను.

"తెల్లగా ఉంది, కనకా" అనిరి.

ముప్పదియేండ్ల ప్రశ్నకు సమాధానము దొరకెను. విని నవ్వవలసిన మనిషి లేదు. రైలు కుదుపునకు గ్లాసులోని నువ్వులు నెమ్మదిగా నడుగునకు దిగుచుండెను.