ఒక అరుగు మీద రెండు చాటలు

సుల్తానాబాద్ దాటినాక రోడ్డు పక్క ఊళ్లలో పొద్దెక్కిందంటే అరుగుల మీద బీడీల చాటలు పరుచుకుంటాయి. ఒక అరుగు మీద రెండు చాటలు కనబడ్డాయా, ఆ ఇల్లు వేరుపడ్డదని ఊరు ఖాయం చేసుకుంటుంది. బాలవ్వ అరుగు మీద ఎప్పుడూ ఒకటే చాట. దానికి అటు తను, ఇటు కోడలు జమున. తడిగుడ్డలో మెత్తబడ్డ తునికాకును జమున కత్తిరిస్తే, బాలవ్వ తంబాకు పోసి చుడుతుంది. అత్తకు వేళ్లు గుంజితే చుట్టేదీ కోడలే. ఎవరు చుట్టినా కార్ఖానాలో లెక్క మాత్రం బాలవ్వ కార్డు మీదే. అత్తకు కార్డు ఉండగా కోడలికి వేరే కార్డెందుకని ఆ ఊళ్లో ఎవరూ అడగరు.

ఆ రోజు ట్రాక్టరు నడిపి వచ్చిన కొడుకు పరశురాములు, చెప్పులు కూడా విడవకుండా గడప మీద కూర్చున్నాడు.

"అవ్వా, మస్కట్ వీసా దొరికింది. ఏజెంటు జల్ది పైసలు కట్టమంటుండు."

బాలవ్వ చేతిలో బీడీ సగంలో ఆగింది. "యాడికెల్లి తెస్తవు కొడుకా?"

"నీ పీఎఫ్ ఉన్నది గద. పని బందు చేసినట్టు రాసిస్తే మొత్తం వస్తది. మళ్ల చుట్టుకుంట కూసో, ఎవలొద్దన్నరు?"

ఈ మాట ఆమెకు కొత్త కాదు. ఇదే గడప మీద కూర్చుని ఒకప్పుడు పెనిమిటి గంగయ్య కూడా మస్కట్ పోవడానికే అడిగాడు. మారు మాట లేకుండా వేలిముద్ర వేసింది. ఆయన్ని బస్సెక్కించి వచ్చిన రోజు పొయ్యి ముట్టించలేదు. ఆయన మళ్లీ ఊరికి వచ్చింది పెట్టెలోనే. అప్పటి నుంచి ఎవరు సంచి సర్దినా మళ్లీ తిరిగిరారేమో అనిపిస్తుంది ఆమెకు. కొడుకు పెద్దపల్లికి పోయినా తిరిగి వచ్చేదాకా ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది.

అప్పుడు పైసలతో పాటు అంతకుముందు చేసిన పని లెక్కా పోయింది. కొత్త కార్డుతో మొదటి నుంచి మొదలుపెట్టింది. పదేళ్లు నిండితే పింఛను వస్తుందని బీడీలు ఒప్పగించుకునే టేకేదారు చెప్పాడు. వచ్చే దసరాకు నిండుతాయి. వచ్చేది కొంచెమే. కానీ మందుగోలీకి, చాపత్తికి కొడుకు మొహం చూడకుండా గడుస్తుంది.

"దసరా దాక ఆగరాదు?"

"వీసా ఆగుతదా? బాపు అడిగితే ఇచ్చినవు. నేనడిగితే దసరా అంటున్నవు."

బాలవ్వకు రెండు దిక్కులా భయమే. ఇవ్వకపోతే వీడు అలిగి పోతాడు, ఇస్తే సంచి సర్దుకుని పోతాడు. అలిగినవాడు మళ్లీ మాట్లాడకపోతే? భయం ఆమె నోరు తెరిపించింది. "ఇస్త తియ్యి..."

"జర ఆగు అత్తా." జమున కత్తెర చాటలో పెట్టింది. "ఆ పైసలల్ల నా బీడీలు లేవా?"

పరశురాములు నవ్వాడు. "నీకు కార్డే లేదు. పైసలెక్కడియి?"

"కార్డు లేకుంటే చేతులు లేవా? పెండ్లికి ముందు మా అవ్వ కార్డు మీద చుట్టిన, ఇప్పుడు మీ అవ్వ కార్డు మీద చుడుతున్న. నన్నెవలన్న అడిగిన్రా? నా సగం నేనియ్య."

"అంటే నన్ను పోవద్దంటవు."

"పో, ఎవలొద్దన్నరు? చెన్నూరుల మా కరుణాకర్ అన్న తన వరికోత మిషనుకు డ్రైవరు కావాలని మొత్తుకుంటుండు. ఆడికి పో. వారానికొక్కసారి మాకు నీ మొకం కనవడుతది. మస్కట్‌ల ఒంటె మొకం చూసుకుంట కూసుంటవా?"

బాలవ్వకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "అయితే గింతే కొడుకా. ఆ పైసలు ముట్టేది లేదు," అంది. సగంలో ఆగిన బీడీ మళ్లీ చుట్టసాగింది.

"అత్తకోడండ్లు ఒక్కటైనంక నాదేం నడుస్తది," అంటూ అతను లేచి పోయాడు. బాలవ్వ ఫోను ఒళ్లో పెట్టుకుంది. పొద్దుగూకే వేళకు అది మోగింది. "కరుణాకర్ బావతోని మాట్లాడిన. రేపు పోతున్న. అంగీలు ఉతికి పెట్టుమను," అని పెట్టేశాడు. కోపం ఇంకా ఉంది. కానీ పలికాడు.

మరునాడు కొడుకును చెన్నూరు బస్సెక్కించి వచ్చి, బాలవ్వ పొయ్యి ముట్టించింది. అన్నం ఉడుకుతుంటే కోడలి మాటే చెవుల్లో తిరిగింది. అవ్వ కార్డు మీద, అత్త కార్డు మీద. తన ఈడు వచ్చేసరికి ఈ పిల్ల చేతిలో ఏముంటుంది?

"జమునా, నీ ఆధార్ తీస్కో. కార్ఖానకు పోదాం. నీ పేరు మీద కార్డు రాపిద్దాం."

"మరి నీ లెక్క సగానికి పడుతది గద అత్తా?"

"పడనియ్యి. దసరా దాక నా వేళ్లు ఎంత చుడితే అంత."

కార్డు వచ్చిన వారమే అరుగు మీద రెండో చాట చేరింది. దాన్ని చూసినప్పుడల్లా ఊరేమంటుందోనని బాలవ్వ ఒకసారి వీధి వైపు చూస్తుంది. ఎదురింటి లస్మవ్వ ఊరుకుంటుందా!

"ఏమాయె బాలవ్వా, కొడుకు అటు పోంగనె కోడలు వేరువడ్డదా?"

బాలవ్వ చేతిలోని బీడీ చివర మడిచి చాటలో వేసింది. "వేరువడుడేందే. ఆకు ఇద్దరిది ఒక్క గుడ్డలనే తడుస్తది, చూడు."