ఎనిస్కిల్లెన్ మీదుగా

కొవిడ్‌కు ముందు ఆ హోటల్‌వాళ్ళు ఐర్లండ్‌లో మా ఊరు డండాక్ నుంచి కోచ్‌ను ఉచితంగా నడిపేవారట. డానెగాల్‌లో సముద్రం ఒడ్డున పెద్ద హోటల్. ఒక పక్క క్యాసినో, ఇంకో పక్క పిల్లలు జారే బల్లలున్న ఈతకొలను. జనం వచ్చి జూదమాడితే బస్సు ఖర్చు వాళ్ళకు ఒక ఖర్చే కాదు. లాక్‌డౌన్‌లు అయిపోయి మళ్ళీ తెరిచాక పద్ధతి మారింది. కోచ్‌కు టికెట్టు పెట్టారు. మేం అడిగిన వారం ఒక ధర, కొన్న వారం ఇంకో ధర. ఈతకొలనుకే వచ్చినా సరే, పెద్దవాళ్ళంతా ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, టీకా సర్టిఫికెట్ చూపించాలని మెయిల్ పంపారు.

మేం వెళ్ళింది మా అమ్మాయి అబిగేయిల్ పుట్టినరోజుకు. రెండేళ్ళుగా పిల్ల ఇల్లు కదల్లేదు. నేను పనిచేసే నర్సింగ్‌హోమ్‌లో సీనియర్ నర్సు సరోజక్క ఆ హోటల్ సంగతి చెప్పింది. ఆవిడకు అక్కడి జూదం మిషన్ల మీద కాస్త సరదా.

"క్యాసినో ఉన్నచోటికి మనమెలా వెళ్తాం అక్కా, పాస్టర్‌గారు ఏమంటారు?" అన్నాను.

"ఏమే సంతోషం, నువ్వు నీళ్ళలోకి వెళ్తావు, నేను మిషన్ దగ్గరికి వెళ్తాను. ప్రభువు మనిద్దర్నీ విడివిడిగానే చూస్తాడులే," అంది.

మా ఆయన కృపారావు నవ్వాడు గాని, ఆ రాత్రి ప్రార్థనలో ఈ ప్రయాణం నీ చిత్తమైతేనే జరగనీ తండ్రీ అన్నాడు.

కోచ్ ఎక్కేచోట హోటల్ తాలూకు అమ్మాయి మాస్కు పెట్టుకుని నిలబడి అందరి కార్డులూ చూస్తోంది. ఈ దేశంలో ఉండనిచ్చే మా ఐఆర్‌పీ కార్డుల మీద తేదీ దాటిపోయింది. కొవిడ్ వల్ల ఆఫీసులు నడవక, పాత కార్డులన్నీ ఇంకొన్నాళ్ళు చెల్లుతాయని ప్రభుత్వమే ప్రకటించింది. మా ఆయన ఆ ప్రకటనను ప్రింటు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరుగుతాడు. ఆ అమ్మాయి దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "హోటల్‌లో ఇంకోసారి చూస్తారు, నాకేం తెలీదు," అని ఎక్కించింది. హోటల్‌లో ఏమంటారో అన్నదే అప్పటికి నా భయమంతా.

మోనహన్ ఊరు దాటాక, పుట్టినరోజు బ్యాడ్జి పెట్టుకున్న అబిగేయిల్ కిటికీకి ముక్కు ఆనించి, "డాడీ, లుక్, ద సైన్ సెజ్ మైల్స్!" అంది.

"పాత బోర్డేమోరా," అన్నాడు ఆయన.

రోడ్డు అంచున పసుపు గీత పోయి తెల్ల గీత వచ్చింది. ఒక పెట్రోలు బంకు మీద ధర యూరోల్లో లేదు. నేను అవన్నీ చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

వెనక సీట్లోంచి సరోజక్క ముందుకు వంగింది. "ఇదివరకు కోచ్ స్లైగో మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది. ఇప్పుడు డీజిల్ ఖర్చని ఎనిస్కిల్లెన్ మీదుగా కోసుకుపోతున్నాడు. గంట కలిసొస్తుంది."

"ఎనిస్కిల్లెన్ అంటే?"

"నార్త్, అదే, నార్తర్న్ ఐర్లండ్ కదే. ఇప్పుడు మనం యూకేలో ఉన్నాం."

నా చేతిలో టిఫిన్ డబ్బా మూత కింద పడింది. తీయాలని కూడా తోచలేదు.

నార్త్‌లో ఉన్న బెల్‌ఫాస్ట్ వెళ్ళాలంటే వీసా కావాలని మాకు తెలుసు. కిల్కెన్నీలో ఉండే మా చర్చి సహవాసపు విక్టర్, దుప్పట్లు చవకని బెల్‌ఫాస్ట్ బస్సెక్కితే దారిలో పోలీసులు దింపి తీసుకుపోయారు. ఆ తర్వాత అతని పౌరసత్వం దరఖాస్తు ఏమైందని ఎవరూ అడగరు, అతనూ చెప్పడు. మా దరఖాస్తు నిరుడు పంపాం. నడవడి మంచిదై ఉండాలి, చట్టం తప్పి ఉండకూడదు అన్నది అందులో మొదటి షరతు. అది వస్తేనే అబిగేయిల్ ఇక్కడి పిల్లలా ఇక్కడ చదువుకుంటుంది. ఐర్లండ్‌లో ఒక ఊరి నుంచి ఐర్లండ్‌లో ఇంకో ఊరికి వెళ్ళడానికి వేరే దేశం దాటాలని మాకెవరు చెప్పారు? గేటు లేదు, గొలుసు లేదు, పొలాలు కూడా అవే పొలాలు.

"నీకు వీసా లేదా?" సరోజక్క మొహం తెల్లబోయింది. ఆవిడది ఐరిష్ పాస్‌పోర్టు. "అయ్యో సంతోషం, నాకసలు ఆ ఆలోచనే రాలేదే!"

"దిగిపోదామండీ," అన్నాను ఆయనతో.

"దిగితే ఎక్కడుంటాం? ఇక్కడే కదా," అన్నాడు నెమ్మదిగా. ఆయన మాస్కు గుడ్డ కదులుతోంది. ప్రార్థన చేస్తున్నాడో, లేక పెదవులు వణుకుతున్నాయో నాకు తెలియలేదు.

ఎనిస్కిల్లెన్‌లో కోచ్ ఆగింది. టాయిలెట్‌కు వెళ్ళేవాళ్ళు వెళ్ళి రండన్నాడు డ్రైవరు. ఎదురుగానే పోలీసు కారు. మేం సీట్లోంచి కదల్లేదు.

"మామ్, ఐ నీడ్ టు గో."

"ఆగమ్మా, కాసేపు."

"ఐ కాంట్!"

"నాతో పంపు," అంది సరోజక్క.

"వద్దక్కా. దానికీ వీసా లేదు."

"పదకొండేళ్ళ పిల్లని ఎవడు అడుగుతాడే! బస్సులో తడుపుకోమంటావా?"

పంపాను. కిటికీ అద్దానికి నుదురు ఆనించి చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు తిరిగి వస్తుంటే కారు పక్కనున్న పోలీసు అబిగేయిల్‌ను ఏదో అడిగాడు. పిల్ల నవ్వుతూ ఏదో చెప్పి, మా కోచ్ వైపు వేలు చూపించింది. నేను తల దించుకుని, ప్రభువా, దాని నోరు మూయించు అనుకున్నాను. కన్నబిడ్డ గురించి అలా కోరవచ్చా? అప్పుడు నాకు ఆ ప్రశ్న రాలేదు.

"ఏమడిగాడు?" పిల్ల ఎక్కగానే చేయి పట్టి లాగాను.

"హీ జస్ట్ సెడ్ హ్యాపీ బర్త్‌డే. ఐ హావ్ ద బ్యాడ్జ్ ఆన్. మామ్, యూ ఆర్ హర్టింగ్ మీ."

బెలీక్ దాటి మళ్ళీ మా ఐర్లండ్ వైపు, డానెగాల్‌లోకి వచ్చాం. బోర్డుల మీద మళ్ళీ కిలోమీటర్లు. గండం గడిచిందనుకున్నాను. అంతలో కోచ్ నెమ్మదించి రోడ్డు పక్కకు ఒరిగింది. తలుపు తెరుచుకుంది. గార్డు ఎక్కాడు. ఇక్కడ పోలీసుల్ని అలాగే పిలుస్తారు. పెద్ద మనిషి, కళ్ళ చుట్టూ ముడతలు. తెల్లవాళ్ళను దాటుకుంటూ మా వరుస దగ్గరికి వచ్చాడు.

"చూడు కృపా," సరోజక్క వెనకనుంచి గబగబా గుసగుసగా అంది, "డండాక్ నుంచి వచ్చామను, నిద్రపోయామను. దారి నీకేం తెలుసు?"

ఆయన కార్డులు, ప్లాస్టిక్ కవరు ఇచ్చాడు. గార్డు తేదీ చూశాడు, ప్రకటన చూశాడు, తల ఊపాడు.

"పొడిగించారు, ఇది సరే. నార్త్‌కి వీసా ఉందా?"

ప్రభువా, ఆయనతో నిద్రపోయామనిపించు అని నేను గట్టిగా ప్రార్థించాను. అంత గట్టిగా మా అమ్మ జబ్బుపడ్డప్పుడు కూడా ప్రార్థించలేదు.

"లేదు సర్," అన్నాడు మా ఆయన. "ఎక్కినప్పుడు ఈ దారిన వెళ్తుందని తెలీదు. దారిలో తెలిసింది. తెలిశాక కూడా దిగలేదు."

సరోజక్క నుదురు కొట్టుకోవడం వినిపించింది. తెలిశాక అన్న మాట ఎందుకు చెప్పాలి? ఎవరడిగారు?

గార్డు ఆయన్ను చూశాడు. తర్వాత పిల్ల బ్యాడ్జి చూశాడు. ఫోన్ తీసి రెండు కార్డులకూ ఫొటో తీశాడు.

"నేను ఇది పై అధికారులకు చెప్పాలి. వాళ్ళు ఏం చేస్తారో నా చేతిలో లేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు స్లైగో మీదుగా పొండి," అని కార్డులు ఇచ్చేశాడు. దిగుతూ డ్రైవరుతో ఏదో అన్నాడు. డ్రైవరు వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. బస్సంతా చూసింది.

హోటల్ కౌంటర్‌లో అమ్మాయి మా తేదీ దాటిన కార్డుల్ని కన్నెత్తి కూడా చూడలేదు. సర్టిఫికెట్ల కోడ్ మీద ఫోన్ పెట్టి, అది ఆకుపచ్చగా వెలగగానే తాళంచెవి ఇచ్చి, క్యాసినో ఎడమ పక్కన అంది. సరోజక్క అటు వెళ్ళలేదు. "నేను పిల్లని నీళ్ళకు తీసుకెళ్తాను, మీరిద్దరూ కాస్త నడుం వాల్చండి," అని అబిగేయిల్‌ను తీసుకుపోయింది. నా కళ్ళలోకి మాత్రం చూడలేదు.

గదిలోకి రాగానే మా ఆయన మంచం పక్కన మోకరించాడు. నేనూ మోకరించాను. మమ్మల్ని నడిపించినందుకు నీకు స్తోత్రం తండ్రీ అన్నాడు. ఆమెన్ అనడానికి నా నోరు రాలేదు.

"గార్డు తీసిన ఫొటోలు డబ్లిన్‌లో పౌరసత్వం ఆఫీసు దాకా వెళ్తాయంటారా?" అన్నాను.

"తెలీదు."

"మన దరఖాస్తు పోతే?"

"తెలీదు సంతోషం."

"మరి స్తోత్రం దేనికి చెప్పారు?"

ఆయన దుప్పటి అంచు సవరించాడు. "అబద్ధం నా నాలుక మీదికి వచ్చింది. నిద్రపోయామని అనబోయాను. మాట పెదవి దాటలేదు. అందుకు."

"నేను మీరు అబద్ధమాడాలని ప్రార్థించాను."

"విన్నాను. నువ్వు పైకే అన్నావు."

మా ఇద్దరి ప్రార్థనా ఒకే దేవుడి దగ్గరికి వెళ్ళింది. మా ఆయనది విని నాది తోసేశాడా? లేక నా బిడ్డ గురించి నాకున్న భయం ఆ దేవుడికి తెలియదా? అడగాలనిపించింది. ఎవరిని అడగాలో తెలియలేదు.

తలుపు మీద ఎవరో కొట్టారు. ఇద్దరం కదల్లేదు. మళ్ళీ కొట్టారు, ఈసారి గట్టిగా. మా ఆయన చేయి నా చేతిని వెతుక్కుంది.

"మామ్? ఇట్స్ ఓన్లీ మీ. ఐ ఫర్‌గాట్ మై టవల్."

అయినా నేను మోకాళ్ళ మీద నుంచి లేవలేదు.