చంద్రకళకు పోసిన ఒడిబియ్యం

లలితకుమారిగారు ఏ పని పట్టుకున్నా వదలరు. అది ఆమెలో మంచి గుణం. చెడ్డ గుణం ఏమిటంటే, చెప్పడానికి ఉన్న ఓపిక వినడానికి ఉండదు. భర్త వెంకటేశ్వరరావుగారు బ్యాంకు ఆఫీసరు. ఏలూరు నుంచి వచ్చి గుండ్లపోచంపల్లిలో కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. పిల్లలు హాస్టల్లో ఉండేవారు. ఇంట్లో కూర్చోలేక ఆమె ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి, ఆడపిల్లలకు మాయమాటలు చెప్పి తీసుకుపోయి అమ్మేసే వాళ్ల గురించి మేడ్చల్, షామీర్‌పేట చుట్టుపక్కల పల్లెల్లో మీటింగులు పెట్టేవారు. ఇది 2003 నాటి మాట.

మంచి పనే, ఎవరూ కాదనరు. షామీర్‌పేట చెరువు పక్కనున్న మా బడి వరండాలో ఆ మీటింగులు జరిగేవి కాబట్టి, అక్కడ తెలుగు చెప్పే టీచరుగా నేనూ ఓ కుర్చీలో కూర్చోవలసి వచ్చేది. ఆమె గోడకు తగిలించే బొమ్మలు చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండేది. నల్లకళ్లద్దాల మగాడు, చేతిలో చాక్లెట్లు, వెనక కారు. మా సందుల్లోకి కారు వస్తే సగం ఊరు దాని వెంట నడిచేది. అందులో పిల్లనెక్కించుకుని పోవడం ఎవడి తరం? "ఎవరితో వెళ్లకూడదు పిల్లలూ?" అని ఆమె అడిగేవారు. "తెల్వనోళ్లతోని" అని పిల్లలు కప్పు ఎగిరేలా అరిచేవారు. బిస్కెట్లు పంచాక మీటింగు అయిపోయేది.

అందరికన్నా గట్టిగా అరిచేది యమున. చెరువులో వల వేసే బక్కయ్యకు, ఆ చేపల్ని రోడ్డు పక్కన అమ్మే సత్తమ్మకు ఒక్కగానొక్క కూతురు. పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో ఉంటోంది. ఎక్కడికైనా వెళ్లిపోవాలని ఆ పిల్లకు మహా తొందర. ఆ వయసులో నాకూ ఉండేది, తప్పేం లేదు.

మీటింగులకు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను పిలుచుకొచ్చేది చంద్రకళ. నలభై లోపు మనిషి. శుభ్రమైన కట్టు, ఎప్పుడూ నవ్వు ముఖం. సత్తమ్మ దగ్గర చేపలు కొని బొల్లారం వైపు అమ్ముకునేది. అత్తగారిల్లు కౌకూర్‌లో గుడి వెనక సందులో అని చెప్పేది. తనకు తల్లిగారిల్లు లేదని, ఒడిబియ్యం పోసే దిక్కు కూడా లేదని ఒకరోజు చేపల తట్ట ముందు కూర్చుని ఏడ్చింది. సత్తమ్మ తట్ట పక్కకు జరిపి, "మేం పోస్తం తియ్" అంది.

మావైపు ఒడిబియ్యమంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు పీట మీద కూర్చోబెట్టి పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ ఒడిలో పోస్తారు. ఆమె ఆ బియ్యాన్ని అత్తగారింటికి తీసుకుపోయి వండి, అయినవాళ్లను పిలిచి పెడుతుంది. పోసిన ఇంటికి ఆమె ఆడబిడ్డ. ఇక ఏ కడుపున పుట్టిందని ఎవరూ అడగరు. సత్తమ్మా బక్కయ్యా చంద్రకళకు ఆ బియ్యం పోశారు. ఆ రోజునుంచి వాళ్లు ఆమెకు వదినె, అన్న. యమునకు ఆమె మేనత్త. లలితకుమారిగారు వచ్చి ఫోటోలు తీసి, పరమాన్నం తిని, ఎంత మంచి మనుషులని మెచ్చుకుని వెళ్లారు. పరమాన్నం నేనూ తిన్నాను, బాగుంది.

ఏడాది తిరిగింది. ఒక మీటింగు అయ్యాక యమున గంతులేసుకుంటూ వచ్చింది.

"మేడం, వచ్చే మీటింగ్‌కు నేను రాను. మా అత్తమ్మ నన్ను పుణెకు తీస్కపోతాంది. ఆడ మస్తు పెద్ద బ్యూటీ పార్లరంట. పని నేర్పిస్తరంట."

లలితకుమారిగారు బిస్కెట్ల పొట్లం నా చేతిలో పెట్టారు. నన్ను రమ్మని కూడా అనకుండా నేరుగా సత్తమ్మ ఇంటికి నడిచారు. నేనే వెనకాల పరుగెత్తాను.

"ఏ పార్లరు సత్తమ్మా? అడ్రసు ఉందా? ఫోన్ నంబరు ఏమైనా ఇచ్చిందా?"

"ఆడిబిడ్డను పత్తా అడుగుతరా మేడం? మేనత్త మేనకోడల్ని తీస్కపోతాంది, గంతే."

"ఆమె మీకు నిజంగా ఆడబిడ్డ కాదుగా. నిరుటి దాకా ఎవరో కూడా తెలీదు మీకు."

అనకూడని మాట అది. అరుగు మీద వల బాగు చేసుకుంటున్న బక్కయ్య చెయ్యి ఆపాడు. మామూలుగా ఆయన మాట్లాడే మనిషి కాదు.

"ఒడిబియ్యం పోసినంక నిజం ఆడిబిడ్డ, ఉత్త ఆడిబిడ్డ అని ఉండది మేడం. గా మాట మా గడపల అనకున్రి."

"నీ కూతురు బాగు కోసమేనయ్యా చెప్పేది. వెళ్లిన పిల్లలు మళ్లీ రారు. మీరు వినకపోతే పోలీసులకు చెప్తాను."

సత్తమ్మ లేచి నిలబడింది. "తెల్వనోళ్లతోని పోవద్దని మీరే జెప్పిన్రు. చంద్రకళ మాకు తెల్సు. మా ఇంట్ల తిన్నది, మా ఇంట్ల పన్నది. మాకు తెల్వనిది మీరే. మీ ఇల్లు ఏడుందో గూడ మేం జూడలే."

లలితకుమారిగారు వెనుదిరిగారు. సందు మలుపు తిరిగాక కొంగుతో కళ్లు తుడుచుకుని, "నా పాఠం వాళ్లకి బాగానే వచ్చిందండీ" అన్నారు. అంతకుముందు ఎన్నోసార్లు ఆమెను చూసి విసుక్కున్నాను. ఆ పూట మాత్రం జాలేసింది, భయమూ వేసింది. ఇద్దరం ఠాణాకు వెళ్తే, అమ్మానాన్నలు ఒప్పుకుని మేనత్తతో పంపుతుంటే కేసేమిటమ్మా అని టీ ఇచ్చి పంపించారు.

మాట తగిలిన మనిషి ఊరికే ఉండదు. మర్నాడు ప్రయాణమనగా సత్తమ్మ రెండు కొర్రమీనులు బుట్టలో వేసుకుని కౌకూర్ బయల్దేరింది. ఆడబిడ్డ ఇల్లు కళ్లారా చూసివచ్చి, మేడం నోరు మూయించాలని ఆమె పట్టుదల. బస్సులో కూర్చున్నాక ఒక సంగతి గుర్తొచ్చిందట. పోసిన బియ్యం వండుకున్నప్పుడు చంద్రకళ తమను తినడానికి పిలవనే లేదు. పని మీద పడి మరిచిపోయి ఉంటుందిలే అని సర్దుకుంది.

కౌకూర్‌లో గుడి వెనక సందులో అడిగితే ఒకావిడ గిన్నెలు తోముతూ తలెత్తింది. పేరు బాలామణి.

"చంద్రకళనా? మా ఇంటి మనిషే. రా అక్కా, కూసో."

సత్తమ్మ ప్రాణం లేచొచ్చింది. అత్తగారింటివాళ్లే అనుకుంది. బుట్ట దించి, చేపలు తీసి, "మేం ఆమె తల్లిగారోళ్లం. షామీర్‌పేట. నిరుడు ఒడిబియ్యం పోసినం" అంది.

బాలామణి చేతిలో గిన్నె కింద పెట్టింది. "షామీర్‌పేటల ఆమెది అత్తగారిల్లు గద. గట్లనే జెప్పింది. ఒడిబియ్యం పోసింది మేం."

అటువైపు వాళ్లకు ఇటువైపు, ఇటువైపు వాళ్లకు అటువైపు అత్తగారిల్లని చెప్పి, మధ్యలో బస్సుల్లో తిరుగుతోంది చంద్రకళ. సత్తమ్మ ఖాళీ బుట్ట ఒళ్లోకి లాక్కుంది. బాలామణి మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని ఆశగా దగ్గరికి జరిగింది.

"మా స్వరూపను పుణెకు తీస్కపోయింది అక్కా. దసరా ముంగట పోయింది. జాబు లేదు, ఫోన్ లేదు. ఆమె గూడ మా దిక్కు వస్తలేదు. మీ ఊర్ల ఉంటదని అక్కడికే వద్దామనుకుంటున్న. మా పిల్ల సంగతి మీకాడ ఏమన్న జెప్పిందా?"

చెప్పలేదంది సత్తమ్మ. చేపలు అక్కడే వదిలేసి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే చంద్రకళ వచ్చింది. యమున కొత్త పంజాబీ డ్రెస్సు వేసుకుని సంచీతో తయారుగా ఉంది. సత్తమ్మ గడపకు అడ్డంగా నిలబడి, "స్వరూప ఏడుంది?" అని అడిగింది.

"ఏ స్వరూప వదినె?" అంది చంద్రకళ. నవ్వు చెదరలేదు. "ఆడిబిడ్డను గడపల నిలవెట్టి అడుగుతున్నవా? అన్నను పిలు."

బక్కయ్య లోపలే ఉన్నాడు. బయటికి రాలేదు. తన చేతులతో బియ్యం పోసిన మనిషిని పొమ్మనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆయన మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. గట్టిగా పట్టుకుని నలుగురిని కేకేసి ఉంటే దొరికిపోయేది. సత్తమ్మ కూతురి సంచీ లాక్కుని లోపలికి విసిరేసి తలుపేసుకుంది. చంద్రకళ తాపీగా రోడ్డు దాకా నడిచి, వచ్చిన ఆటో ఎక్కి వెళ్లిపోయింది. నా బతుకు పాడు చేసినవని యమున తల్లిని తిట్టిపోసింది. ఆ తర్వాత ఆమెతో మాట్లాడటం మానేసింది.

లలితకుమారిగారు ఈసారి సత్తమ్మనూ బాలామణినీ వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్లారు. ఒడిబియ్యం నాటి ఫోటోల్లో చంద్రకళ తల వంచుకునే ఉంది, ముఖం సరిగా కనబడలేదు. ఆమె ఇంటిపేరేమిటని పోలీసులు అడిగారు. ఇద్దరికీ తెలియదు. ఇంటి ఆడబిడ్డను ఇంటిపేరు ఎవరు అడుగుతారు?

తర్వాతి మీటింగులో లలితకుమారిగారు బొమ్మలేవీ తగిలించలేదు. మాట్లాడటానికి లేచి, "సత్తమ్మా, నువ్వే చెప్పు" అని కూర్చున్నారు. ఆమె ఇంకొకరిని మాట్లాడనివ్వడం నేను చూసింది అప్పుడే. సత్తమ్మ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. కౌకూర్‌లో విన్నది విన్నట్టు చెప్పి, ఒకటే అడిగింది.

"చంద్రకళకు మీ ఇండ్లల్ల ఎవరెవరు ఒడిబియ్యం పోసిన్రు? చెయ్యెత్తున్రి."

ఎవరూ ఎత్తలేదు. అందరూ నేల చూపులు చూశారు. చంద్రకళను ఇంట్లో పెట్టుకున్నామని చెప్పుకోవడం ఇప్పుడు సిగ్గు. కాసేపటికి వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. దాన్ని చూసి పక్కామె ఎత్తింది. తర్వాత గోడవారన ఇంకొకరు. మా ఒక్క ఊరిలో అన్ని ఇళ్లు. తెలిస్తే సత్తమ్మ చిన్నబుచ్చుకుంటుంది, ఎవరికీ చెప్పొద్దని ఒక్కో ఇంట్లో చెప్పిందట.

అత్వెల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్లి ఆ పొద్దే తిరిగొచ్చిన మా ఊరి కుర్మయ్య భార్య మాత్రం చెయ్యెత్తలేదు. లేచి నిలబడింది. ఊళ్లో జరిగింది ఆమెకు ఇప్పుడే తెలుస్తోంది.

"మా పెద్దపిల్ల ఆమె ఎంటనే పోయింది అక్కా, పోయిన నెలల. ఎవరికి జెప్పొద్దంటే జెప్పలే. ఆమెకాడనే ఉంది. మంచిగనే ఉంటది గద?"

అందరూ సత్తమ్మ వైపు చూశారు. సత్తమ్మ వరసలు దాటుకుంటూ వెళ్లి ఆమె రెక్క పట్టుకుంది.

"నడువు, ఠాణాకు పోదాం."

"మేనత్తకాడ ఉన్న పిల్లకు ఠాణా ఎందుకక్కా" అంటూనే ఆమె చెప్పుల కోసం వెతుక్కుంది.