చక్కగా పెంచిన పాపానికి

బుద్ధి ఎదగనివాళ్లను చూసుకునే సర్కారు వసతిగృహంలో చోటు కోసం దర్జీ అమ్మ కొడుకు పేరు జాబితాకెక్కి పదకొండేళ్లయింది. మొదటి ఏడాది వాడిది ముప్పై ఒకటో నంబరు. ఇప్పుడు యాభై మూడు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందంటే సరిపెట్టుకోవచ్చు. ఈ గొంగళి ఏటేటా వెనక్కి జరుగుతోంది.

ఎందుకు జరుగుతోందో ఆమెకు నిరుడే తెలిసింది. జాబితాలో ఉన్నవాళ్ల ఇళ్లకు ఏడాదికోసారి తనిఖీదారు వస్తాడు. ఇల్లు ఎంత అధ్వానంగా ఉంటే అన్ని మార్కులు, నంబరు అంత ముందుకు. అది తెలియక ఆ మహాతల్లి పదేళ్లుగా, చుట్టాలొస్తున్నట్టు నేల కడిగి, నలభై ఏళ్ల కొడుక్కి ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి మరీ కూర్చోబెట్టింది. నలుగురిలో పరువు పోతుందని భయం. పరువు నిలిచింది, నంబరు పోయింది.

ఈసారి అలా కుదరదు. గురువారం ఆమెకు గుండె ఆపరేషన్. ఇంట్లో మూడో మనిషి లేదు. కొత్తవాళ్లు పెడితే వాడు ముద్ద ముట్టడు. ఆలోపు చోటు దొరికితే, రెండు రోజులైనా తానే దగ్గరుండి అక్కడివాళ్లకు వాణ్ణి మాలిమి చేయాలని ఆమె ఆశ. అందుకే మనసు రాయి చేసుకుని మూడు రోజులు గిన్నెలు కడగలేదు, మిషను కింది గుడ్డముక్కలు ఊడ్వలేదు. వాడి చొక్కా గుండీలు తన చేత్తోనే విప్పింది.

తలుపు గంట మోగింది. వాడు లేచాడు. ముప్పై ఏళ్లు అమ్మ నేర్పింది ఊరికే పోతుందా? గుండీలు పెట్టుకున్నాడు. గుడ్డముక్కలు ఏరి సంచిలో వేశాడు. గ్లాసు కడిగి, నీళ్లు నింపి, రెండు చేతులతో తెచ్చి తనిఖీదారుకి ఇచ్చి, "కూచోండి" అన్నాడు. ఆ ఒక్క మాట నేర్పడానికి ఆమెకు ఆరేళ్లు పట్టింది. ఆమెకు గర్వమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఎంత పద్ధతిగా ఉన్నాడమ్మా," అంటూ తనిఖీదారు నీళ్లు తాగి, కాగితంలో గడులు నింపాడు. "మీలాంటి తల్లి ఉండగా తొందరేముంది?"

"గురువారం నాకు ఆపరేషనండి."

"పది రోజుల్లో ఇంటికొచ్చేస్తారుగా. అలాంటి వాటికి తాత్కాలిక వసతి ఉంది. దానికి వేరే జాబితా."

"అందులో ఎన్నాళ్లకొస్తుందండి?"

"ఏడాది, ఏడాదిన్నర."

ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాళ్లు నయం. ఈయన బావికి దరఖాస్తులు తీసుకుంటున్నాడు.

"పోనీ, చూసే మనిషే పోతే?" అని అడిగింది ఆమె.

"అప్పుడు ఒకటో నంబరే. అదే రోజు బండి పంపిస్తాం," అన్నాడాయన, వరమిచ్చేసినంత ధీమాగా.

ఆమె కొలతలు రాసుకునే పుస్తకం తెరిచి పెన్సిలు తీసింది. "అయితే మీ ఫోన్ నంబరు చెప్పండి. ఆసుపత్రిలో రాయిస్తాను. నేను లేవకపోతే ముందు మీకే చెప్తారు."

తనిఖీదారు ఒక్కో అంకే చెప్పాడు. కాగితాలు సంచిలో సర్దుకుంటూ, "పది నుంచి ఐదు లోపేనమ్మా. ఆ తర్వాత ఎవరూ ఎత్తరు," అన్నాడు.

"అలాగేనండి," అంది ఆమె. "ఐదు లోపే పోయేలా చూసుకుంటాను."