ఫైళ్లు దాచే పని

నేను టీచర్‌గా ఉన్న లమ్తపుట్ బడికి ఎవరో ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేయడానికి జయరాజు, ధనుంజయ మొదట్లో ఒకే బండి మీద వచ్చేవారు. జయరాజు మా పిన్ని కొడుకు, కోరాపుట్‌లో ఉద్యోగం. ధనుంజయది గుణుపురం, రైతుల ఇల్లు. లోపల ఏముందో కంపెనీ చూపించని సాఫ్ట్‌వేర్ వద్దు, ఎవరైనా విప్పి చూసుకోగలిగేదే కావాలన్నది ఇద్దరి మాటా. ధనుంజయ ముందుగా పిల్లల ఫైళ్లు వేరే డిస్కులో దాచేవాడు. తర్వాత జయరాజు పాతదంతా తుడిచి కొత్త సిస్టమ్ ఎక్కించేవాడు. అదీ వాళ్ల పద్ధతి.

వైఫై దగ్గర చెడింది. అది పనిచేయాలంటే కంపెనీ మూసిపెట్టిన డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటి వేయాలి. పిల్లల కోసం వేద్దామన్నాడు ధనుంజయ. ఒక్కటి వేసినా స్వేచ్ఛ పోయినట్టేనన్నాడు జయరాజు. డప్పు వాయించాలా వద్దా అని మా చర్చి రెండుగా చీలినప్పుడు కూడా ఇంత గోల లేదు. చివరికి ధనుంజయ ఒక్కడే వచ్చి డ్రైవర్ వేసిపోయాడు. ఇద్దరికీ మాటల్లేవు. వాళ్లకు సర్దిచెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

ఆ వేసవిలో తొమ్మిదో తరగతి గౌరీశ్వరి, వాళ్ల నాన్నమ్మ ఇక్కడి దేశియా భాషలో పాడిన పాటలు ఒక ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసింది. వానల్లో ముసలమ్మ పోయింది. అప్పటినుంచి ఆ పిల్ల రోజూ అన్నం తిన్నాక వచ్చి ఆ గొంతు వినేది.

మొన్న నేను ట్రైనింగ్ నుంచి వచ్చేసరికి జయరాజు అన్నీ తుడిచి కొత్తగా ఎక్కించేసి, గౌరీశ్వరికి ల్యాప్‌టాప్ అందిస్తున్నాడు.

"ఇప్పుడిది పూర్తిగా నీదే అమ్మీ. కంపెనీ ముక్క ఒక్కటి నేదు."

ఆ పిల్ల వెతికింది. పాటలు లేవు. కాపీ ఎక్కడని అడిగాను.

"ఫైళ్లు ధనుంజయ కదా అక్కా దాస్తాడు..." అన్నాడు జయరాజు.

ధనుంజయకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. తన దగ్గరా లేవు. తనను పిలిస్తే ఇలా జరిగేదా అన్నాడు. నువ్వా డ్రైవర్ వేయకపోతే నేను రావలసిన పనేముందన్నాడు జయరాజు. మళ్లీ అదే వాదం. ఆపమనే ఓపిక కూడా నాకు లేకపోయింది.

గౌరీశ్వరి ల్యాప్‌టాప్ మూసి, తెచ్చి జయరాజు చేతిలో పెట్టింది.

"ఇందల నాది ఏటీ నేదు సార్."

ఫోన్‌లో ధనుంజయ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.