రూప్లి గీత, కిషోర్ సున్నా

ఈ వ్యవహారమంతటికీ మొదటి కారణం ఒక అడ్డగీత.

భద్రాచలం వైపు అడవిలో, వాగుకు అవతల ఉన్న లచ్చిరాం తండాకు రూప్లి ఆశా కార్యకర్త. వారం వారం ఎందరికి మలేరియా తేలిందో ఆమె రిజిస్టరులో రాస్తే, ఆరోగ్య కేంద్రంలో నర్సు శ్యామల దానిని ఎక్సెల్ షీటులోకి ఎక్కించేది. వారిద్దరి మధ్య ఒక కచ్చితమైన ఏర్పాటు ఉంది. పరీక్షించి ఎవరికీ లేదని తేలితే సున్నా. పరీక్ష కిట్లు లేక అసలు చూడలేకపోతే అడ్డగీత. ఆ ఏడాది వాగు పొంగి కిట్లు అందనందువల్ల ఆగస్టు, సెప్టెంబరు గడుల్లో వరుసగా ఎనిమిది గీతలు పడ్డాయి. తండాలో మాత్రం ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు.

జిల్లా సమీక్షకు స్లయిడ్లు తయారుచేయడానికి హైదరాబాదు నుంచి కిషోర్ అనే కన్సల్టెంటును పిలిపించారు. అంకెలను కథగా మలచడం తన విద్య అని అతడు చెప్పుకునేవాడు. గీతలున్న చోట గ్రాఫు తెగిపోయింది. తెగిన గ్రాఫు అందంగా ఉండదు. అందంగా లేనిదాన్ని అధికారి చూడడు. కాబట్టి అతడు గీతలన్నిటినీ ఒక్క మీటతో సున్నాలు చేశాడు. దానితో పటంలో తండా ఆకుపచ్చగా మారింది. ఆకుపచ్చ ఊళ్లకు వైద్య శిబిరం అక్కర్లేదు గనుక డాక్టరు పర్యటన జాబితాలోంచి తండా పేరు జారిపోయింది. అంతటితో ఆగక, ఆ స్లయిడు మూల అతడు నవ్వే సూర్యుణ్ణి కూడా పెట్టాడు.

సమీక్ష రోజున ‘జ్వరరహిత గ్రామం’ శాలువా కప్పడానికి రూప్లిని రప్పించారు. డాక్టరు ఎప్పుడొస్తారో చెప్పడానికే పిలిచారనుకుని, ఆమె వాగు నడిచి దాటి, ఇల్లందు బస్సెక్కి జిల్లా కేంద్రానికి వచ్చింది. తెర మీద సూర్యుణ్ణి చూసి రూప్లి శ్యామల దగ్గరికి జరిగింది.

“ఏందక్కా ఇది? మా తండ ఎంత పచ్చగున్నదో సూడు. నా బిడ్డకే మూడు దినాల సంది చలిజెరం.”

“నేను గీతనే కొట్టిన రూప్లీ. గా సారు సున్నా చేసిండు.”

శ్యామల వెళ్లి కిషోర్‌ను అడిగింది.

“ఖాళీలుంటే స్టోరీ ఫ్లో పోతుంది మేడం,” అన్నాడతడు. “ఇప్పుడు మారిస్తే రంగులన్నీ మారతాయి. వచ్చే నెల రివ్యూలో చూద్దాం.”

“అందాక జెరం ఆగుతదా సార్?”

“అది నా స్కోప్‌లో లేదు మేడం.”

ఆ మాట విన్న రూప్లి శ్యామలను పక్కకు పిలిచింది.

“శాలువా కప్పినంక ఏం జేస్తరక్కా?”

“రేపు జిల్లా పెద్దసారు మీ తండకొస్తడు, ఫొటోలకు.”

“డాక్టరమ్మ?”

“సారు వెంట అందరూ రావాలె కదా.”

“అయితే కప్పించుకుంట. జీపుల కిట్లు, మందులు నిండ పెట్టియ్. ఫొటోల మంచిగ కనవడ్తయని గా స్లయిడ్ల సారుకు చెప్పు.”

శ్యామల చెప్పింది. కిషోర్‌కు ఆలోచన ఎంతగానో నచ్చింది. పెట్టెలను తానే దగ్గరుండి ఎక్కించాడు.

మరునాడు రెండు జీపులు వాగు దాటాయి. కెమెరా సిద్ధమయ్యేలోపే డాక్టర్ అరుణశ్రీ రూప్లి కూతురి వేలు గుచ్చి చూసింది. తరువాత పక్కింటికి వెళ్లింది. సాయంత్రానికి ముప్పై నలుగురికి మలేరియా తేలింది. మందులు అక్కడికక్కడే అందాయి. నవ్వుతున్నవారు ఒక్కరూ లేనందున ఫొటోలు మాత్రం పనికిరాలేదు.

మరుసటి నెల స్లయిడులో గ్రాఫు సున్నా నుంచి ముప్పై నాలుగుకు నిటారుగా లేచింది. ‘సత్కారానంతర నిర్లక్ష్యం’ అని కిషోర్ శీర్షిక పెట్టాడు. శాలువా ముందు, జ్వరం తరువాత. కనుక మొదటిదే రెండవదానికి కారణమని సభ ఏకగ్రీవంగా అంగీకరించింది. ఫలితంగా రూప్లికి సంజాయిషీ నోటీసు వెళ్లింది.

అప్పటికి కూతురు మళ్లీ బడికి పోతోంది. రూప్లి నోటీసును సాంతం చదివి, జవాబు రాయవలసిన గడిలో ఒక అడ్డగీత గీసి శ్యామల చేతికిచ్చింది.

“సారు దీన్ని గూడ సున్నా జేసుకుంటడు తియ్,” అంది.