చాట కింద పీట

మా అత్త శంకరమ్మ నోటికి తాళం లేదు. నాకూ లేదు. అందుకే మా ఇంట్లో మాటలెక్కువ, వినేవాళ్లు తక్కువ. బోధన్‌లో ఎదురెదురుగా కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేసేవాళ్లం. తొంభై ఆరులో నాకు కళ్లు తిరగడం మొదలైతే ఆమె ఒక్కమాటలో తేల్చేసింది.

"నీతోని కాకపోతే గంగామణిని కూసోబెట్టు. సోమారం సంది బడి బంద్. పదోది సదివి కలెక్టరైతదా?"

గంగామణి నా బిడ్డ. అది పుస్తకాల సంచి గూట్లో పెట్టేసింది. అది పలక పట్టిన నాడే అనుకున్నాను, దీని ఒళ్లో చాట పెట్టనివ్వనని. నా ప్రాణం ఉండగా పెట్టనివ్వను.

కానీ ఒళ్లు మాట వినదే! చాట మీంచి తల ఎత్తితే చాలు, నేల ఊగేది. గోడ పట్టుకుని లేచేదాన్ని. మా ఊరి డాక్టరు అప్పటికే చూసి చెవిలో లోపమన్నాడు. ఆయనిచ్చిన గోలీలకు కునుకొచ్చి తునికాకు చేతిలోనే ఎండిపోయేది గానీ, ఊపు తగ్గలేదు. "ఇంకేమన్న నొప్పులున్నయా?" అని అడిగితే "ఏం లెవ్వు సార్" అన్నాను.

రోగమేదో తేల్చుకోనిదే బడి మాన్పించేది లేదని నిజామాబాద్ బస్సెక్కాను. "నడిమిట్ల పడితె నిన్నెవలు లేపుతరే?" అని తిట్టుకుంటూ అత్తా వెంట వచ్చింది.

అక్కడి డాక్టరమ్మ చెవుల్లో లైటు వేసింది. గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, తల పక్కకు తిప్పి, కళ్లల్లోకి చూసింది.

"మంచం మీద అటిటు పొర్లితే గిర్రున తిరుగుతదా? చెవిల హోరు ఉంటదా? వినుడు తగ్గిందా?"

ఏదీ లేదన్నాను. తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి తలా ఒళ్లూ కలిపి అటూ ఇటూ తిప్పింది. ఏమీ కాలేదు. ఈసారి తను నా తలను కదలకుండా రెండు చేతులా పట్టుకుని, నర్సు చేత కుర్చీ మాత్రం మెల్లగా తిప్పించింది. అమ్మో! అదే ఊపు.

"తల కదలనప్పుడు చెవికి పనేముంది? తిరిగింది మెడ. మెడ నొస్తలేదా నీకు?"

"నొస్తదమ్మా. బీడీలు నేర్సినకాడి సంది."

"మరి ఆ డాక్టరుకు చెప్పలేదేం?"

నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "గది గూడ రోగమేనా అమ్మా? మా వాడల మెడ నొయ్యనిదెవలు?" ఇంటింటికీ మట్టిపొయ్యేనని దవాఖానాలో చెప్పుకుంటామా!

"ఈ ఒక్క పరీక్షతోనే అననుగాని, నువ్వు చెప్పేవన్నీ మెడ దిక్కే ఉన్నయ్" అంది డాక్టరమ్మ. గోలీలు ఆపించింది. మెడకు కాపడం, కసరత్తు చెప్పింది. చాట ఒళ్లో పెట్టవద్దు, ఎత్తు మీద పెట్టు, మధ్యమధ్య లేచి నడువు అంది.

ఇంటికొచ్చి పీట మీద పీట వేసి చాట పెట్టాను. పక్కింటి ఈరవ్వ పడీపడీ నవ్వింది. "ఏందే సాయవ్వా, బీడీలు జేస్తున్నవా, దుకాణం వెట్టినవా?"

"పెట్టిన. నీ నోరు అమ్ముతున్న, కొంటవా?"

మొదట్లో చేయి సాగలేదు. అత్త సణిగింది. అయినా ఆ సోమవారం పొద్దున్నే సంచి గూట్లోంచి తీసి గంగామణి భుజానికి నేనే తగిలించాను. ఊపు ఒక్కరోజులో పోలేదు. దసరా నాటికి గోడ పట్టకుండా లేచాను. గంగామణి మాత్రం ఒక్క రోజూ బడి మానలేదు.

ఒక సాయంత్రం అత్త పని ఆపి నా పీటలనే చూస్తోంది. నా మొహం చూడాలంటే ఆమె తల ఎత్తదు, కళ్లు మాత్రమే ఎత్తుతుంది. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చుని ఆ సంగతి అప్పుడే గమనించాను.

"నాగ్గూడ ఒక పీట తెచ్చిపెట్టు" అంది.

"నీకు మెడ నొస్తదని ఎన్నడన్న చెప్పినవా అత్తా?"

"ఎవలడిగిండ్రే?"

నా పీటలు లాగి ఆమె చాట కింద పెట్టాను.